మా నాయన జాన, నా అడ్జస్టు

ఆ రోజుల్లో మా నంద్యాలలో ఇంగ్లీషు వచ్చినవాళ్లు తక్కువే గానీ, ఒక్క ఇంగ్లీషు మాట మాత్రం రాని మనిషంటూ లేడు. అదే ‘అడ్జస్ట్’. బస్సెక్కితే ముగ్గురు కూర్చునే సీట్లో అప్పటికే నలుగురుండగా ఐదో ఆయన వచ్చి, "అప్పా, రవ్వంత అడ్జస్ట్ కా" అని నడుము ఆనించేవాడు. టైలరు చొక్కా బిగుతుగా కుట్టి, "నాలుగు ఉతుకులు పడితే అడ్జస్ట్ అవుతాదిలే" అనేవాడు. (నాలుగు ఉతుకులకు గుండీలు ఊడేవి, చొక్కా అట్లే ఉండేది.) పక్కింటామె గిన్నె పట్టుకొచ్చి "ఈ పొద్దుకు చక్కెర అడ్జస్ట్ చేయక్కా" అనేది. రేడియో ముల్లు తిప్పడం అడ్జస్ట్, ఎగుడుదిగుడు బల్ల కాలికింద అట్టముక్క పెట్టడం అడ్జస్ట్, పులుసులో ఉప్పెక్కువైతే చెంబుడు నీళ్లు పోయడం అడ్జస్ట్. కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంటే ఆడవాళ్లంతా చుట్టూ చేరి, "నెల పోతే అడ్జస్ట్ అయిపోతావులేమ్మా" అని ఓదార్చేవాళ్లు. ఇన్ని పనులు చేసే మాట లేకుండా మా తాతలు బస్సుల్లో ఎట్లా తిరిగారో (అప్పుడు బస్సులే లేవనుకోండి) నాకిప్పటికీ అర్థం కాదు.

ఆ మాట గిట్టనివాడు మా వీధి మొత్తానికి ఒక్కడే. ఆయన మా నాయన. "అడ్జస్టేందిరా అడ్జస్టు? పని చేతగానోడు చెప్పే మాట అది. కుదిరితే కుదిరిందను, లేకుంటే లేదను. నడాన ఈ నసుగుడేంది?" అనేవాడు. టైలరు కుట్టిన చొక్కాను రెండుసార్లు విప్పించి మళ్లీ కుట్టించినవాడు. బస్సులో నాలుగోవాడుగా ఇరుక్కోలేక ఆళ్లగడ్డ దాకా నిలబడే పోయినవాడు. ఆయన కడుపున పుట్టిన నేనేమో ఆ మాటకు పరమ భక్తుణ్ణి. ఎవరు ఏమడిగినా కాదనలేను, ఏ పనైనా చివరిదాకా చూసుకోలేను. ఈ రెండు రోగాలకూ అదొక్కటే మందు.

డిగ్రీ అయ్యాక మూడేళ్లు ఉద్యోగం లేక ఇంట్లో కూర్చున్నాను. నాయన ఒక్కమాట అనలేదు గానీ, ఎవరికీ చెప్పకుండా మొక్కుకున్నాడట. మావాడికి ఉద్యోగం వస్తే వీధి చివర గుడిలో ఆంజనేయస్వామిని నిలబెడతానని. (ఆ గుడికి గోడలూ పైకప్పూ ఉన్నాయి, గంట కూడా ఉంది, లోపల మాత్రం పటమే ఉండేది.) ఉగాదికి ముందు ఆ ఉద్యోగం కాస్తా వచ్చింది, నంద్యాలలోనే ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తాగా. ఆ రోజే నాయన చెప్పులు విడిచి అటకమీద పెట్టేశాడు. స్వామి గుడిలో కూర్చునేదాకా చెప్పులు తొడగనన్నది మొక్కులో రెండో సగం. ఇక చూడండి, మా ఊరి ఎండలు! తారు కరిగి కాలికి అంటుకునే రోడ్డు మీద నాయన నీడ నుంచి నీడకు నడిచేవాడు. తొందరపడుతున్నట్టు కనపడకూడదు, కాళ్లు కాలకూడదు. అదొక నడక. మా అమ్మ చూడలేక, "గోనెపట్టన్నా చుట్టుకో. సామి ఏమనుకోడులే, అడ్జస్ట్ చేసుకుంటాడు" అంది. నాయన చూసిన చూపుకు అమ్మ ఆ గోనెపట్టను మడిచి మళ్లీ మూలన పెట్టేసింది.

గుడిలో పీఠం కట్టింది బేల్దారి మామ. మా వీధిలో సగం గోడలు ఆయన కట్టినవే. నాయనా ఆయనా ఒకరినొకరు ‘మామా’ అని పిలుచుకునేవాళ్లు, ఎవరు ఎవరికి మామో ఇద్దరూ ఎప్పుడూ తేల్చుకోలేదు. పీఠం నడిమధ్య విగ్రహం కూర్చోవడానికి ఆయన ఒక గాడి తవ్వాడు. దాని పొడవును నాయన పురికొసతో కొలిచి, ఈ చివర ఒక ముడి, ఆ చివర ఒక ముడి వేసి నా చేతిలో పెట్టాడు. "ఒక జాన మీద నాలుగు వేళ్లు. నోటితో చెప్పేది కాదు, ఈ పురికొస ఆళ్లగడ్డ శిల్పికి ఇయ్యి. జాగ్రత్త" అన్నాడు. "అది కూడా చెప్పాలా నాయనా?" అన్నాను నేను, సర్కారు కొలువులో చేరినవాడి బింకంతో.

ఆదివారం ఆళ్లగడ్డ బస్సెక్కాను. నా పక్కన ఒక ముసలామె ఎండుమిరపకాయల మూట పెట్టుకుని కూర్చుంది. బస్సు గుంతలో పడి లేచేసరికి మూట మూతి ఊడింది. ముందు నేను తుమ్మాను, తర్వాత కండక్టరు, ఆ తర్వాత బస్సు బస్సంతా. "ఎవురి మూటమ్మా అది, కట్టుకో!" అని అరుపులు. ఆమె నా చేతిలోని పురికొసను చూసి, "నాయనా, ఆ తాడు రవ్వంత అడ్జస్ట్ చేయప్పా, పుణ్యముంటాది" అంది. ఆ మాట వినబడ్డాక నేను ఆగగలనా? ఇచ్చేశాను. దిగేటప్పుడు తీసుకోవచ్చులే అనుకుని కళ్లు మూసుకున్నాను. మెలకువ వచ్చేసరికి బస్సు శిరివెళ్ల దాటింది. ఆమె లేదు, మూట లేదు, మా నాయన రెండు ముడులూ లేవు.

ఆళ్లగడ్డలో నాయన చెప్పిన శిల్పి తాత ఇంటి ముందు ఉలి దెబ్బల చప్పుడు. రాతిపొడితో ఆయన కనుబొమ్మలు తెల్లబడిపోయి ఉన్నాయి. "కొలత తెచ్చినావా?" అన్నాడు.

"ఒక జాన మీద నాలుగు వేళ్లు తాతా."

"ఎవురి జాన?"

"మా నాయనది" అన్నాను.

"మీ నాయన వచ్చినాడా?"

"రాలేదు."

"మరి ఆయన చెయ్యి యాడ తెచ్చేది?"

నేను నా చెయ్యి చాపాను. "నా జానతోనే కానియ్యి తాతా. ఓ ఏలు అటో ఇటో అయితే అడ్జస్ట్ చేస్తావులే."

ఆయన ఉలి కింద పెట్టాడు. "రాతికి ఆ మాట తెల్దప్పా. తగ్గించినానంటే పెంచేకి రాదు. బస్సుంది గదా, పోయి కొలత తెచ్చుకో. నేను యాడికీ పోను." ఎంత చక్కని మాట! కానీ వెనక్కి పోతే నాయన "పురికొస యాడరా?" అంటాడు. మిరపకాయల మూటకిచ్చానని ఏ మొహంతో చెప్పను? "లేదు తాతా, మా ఇద్దరివీ ఒకటే చేతులు. కొలుచుకున్నాం" అని అబద్ధమాడాను. ఆయన నా చేతిని పట్టుకుని, కలం తప్ప ఇంకేదీ పట్టని ఆ వేళ్లను అటూ ఇటూ తిప్పి చూశాడు. "సరే. నువ్వు చెప్పిందే చెక్కుతా. ఆనక నన్ననొద్దు" అని నా జానను సుద్దముక్కతో రాయి మీద గీసుకున్నాడు.

నెల తర్వాత తేవడానికి పోతే స్వామి ఎంత బాగున్నాడో! చిన్న నల్లరాతి విగ్రహం, ఇద్దరు పడితే లేచే బరువు. ధ్యానంలో కూర్చున్నాడు, మూతి దగ్గర నవ్వో ఏమో ఉన్నట్టే ఉంది. గాడిలో కూర్చునే అడుగుభాగం రవ్వంత చిన్నదిగా అనిపించింది గానీ, చూద్దాంలే అనుకున్నాను. అదే రోజు నా మొదటి జీతంలో మిగిల్చినదానితో నాయనకు అక్కడే కొత్త తోలు చెప్పులు కొన్నాను, మొక్కు తీరిన రోజు తొడిగించాలని. ఆయన స్నానం చేసి వచ్చినప్పుడు గచ్చు మీద పడిన తడి అడుగును ముందే కొలిచి పెట్టుకున్నాను. దేనితో అని అడక్కండి, జానతోనే. అంగట్లో ఆ లెక్క నోటితో చెబితే చెప్పులాయన తన జానతో కొలిచి ఇచ్చాడు.

బస్సులో స్వామిని చూసి ఒక పెద్దాయన సీట్లోంచి లేచి నిలబడ్డాడు. పక్కవాళ్లు జరిగారు, జరిగినవాళ్లను చూసి ఇంకొకరు జరిగారు. "సామికి కిటికీ పక్క ఇయ్యండప్పా, ఉక్కపోస్తాది" అని వెనకనుంచి ఎవరో అన్నారు. కండక్టరు బుర్ర గోక్కుని, "ఈయన ప్యాసింజరా, లగేజీనా?" అని నన్నే అడిగాడు. "రవ్వంత అడ్జస్ట్ చేయన్నా" అన్నాను. చేశాడు. ఆ రోజు ఆ బస్సులో ఆ మాట కాపాడని మనిషి లేడు, దేవుడితో సహా.

ముహూర్తం పొద్దున ఏడు గంటలకు. ఆ పొద్దు దాటితే మూఢం, మూడు నెలల దాకా మంచిరోజు లేదని పంతులు ముందే చెప్పాడు. మూడు నెలలంటే నాయన కాళ్లు మిగిలిన ఎండలన్నీ తినాలి. అప్పటికే మడమలు పగిలి, నడిస్తే గచ్చు మీద చుక్క చుక్క ఎర్రగా పడుతున్నాయి. వీధంతా గుడి ముందు చేరింది. బేల్దారి మామ తెల్లవారి నమాజు చేసుకుని తాపీ సంచితో వచ్చి నిలబడ్డాడు. నాయనా ఇంకొకాయనా స్వామిని ఎత్తి గాడిలో దించారు. దించితే స్వామి ఒక పక్కకు పోయి కూర్చున్నాడు. రెండో పక్క మూడు వేళ్ల సందు! ముగ్గురి సీట్లో జరిగి ఇంకొకరికి చోటిచ్చినట్టు, అచ్చం అట్లా.

వీధి పెద్ద ఒకాయన గొంతు సవరించుకుని, "కొలత ఎవురిచ్చిరప్పా?" అన్నాడు. ‘నేను’ అనాలి. అనాలనే నోరు తెరిచాను. నాయన ఒక్కసారి నా మొహం చూశాడు. పురికొస సంగతి, అబద్ధం సంగతి, అన్నీ నా మొహం మీదే రాసి ఉంటాయి.

"నేనే ఇస్తిని. నా జానే తప్పు" అన్నాడు నాయన.

జీవితంలో ఒక్క కొలత తప్పని మనిషి. వీధి మొత్తం ముందు. నాకు అక్కడే భూమిలోకి పోదామనిపించింది. బేల్దారి మామ వంగి సందులో వేలు పెట్టి చూసి, "దీనికేంది మామా, ఫికర్ చేయొద్దు. చిన్న రాతిముక్క చెక్కి బిగిస్తా. కదలడు" అన్నాడు. "నడిమధ్య ఉండడు గదా సామీ?" అని నాయన పంతుల్ని అడిగాడు. "ఆ స్వామికే లేని అభ్యంతరం నాకెందుకయ్యా, టైమైపోతాంది, కానీండి" అన్నాడు పంతులు. మామ చేయి తిరిగినవాడు. ముహూర్తం దాటకముందే రాతిముక్క బిగిసింది, గంట మోగింది. నాయన కళ్లు తుడుచుకోవడం నేను చూశాను, నేను చూడటం ఆయన చూశాడు.

ఇంటికొచ్చాక చెప్పుల డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టాను. "పురికొస బస్సులో పోగొట్టినా నాయనా. శిల్పి తాత వద్దంటానే ఉన్నా నా జానే గీయిచ్చినా" అని అప్పటికి చెప్పగలిగాను. ఆయన డబ్బా విప్పాడు. కాలు పెట్టాడు. వేళ్లు పట్టాయి, పాదం పట్టింది, మడమ మాత్రం రెండు వేళ్ల మేర బయటే ఉండిపోయింది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నేను డబ్బా వెనక్కి లాక్కోబోయాను, మార్చుకొస్తానని. టైలరుతో రెండుసార్లు చొక్కా విప్పించిన మనిషి, నిలబడి ఆళ్లగడ్డ దాకా పోయిన మనిషి, లేచి వాకిట్లో నాలుగడుగులు నడిచాడు. పగిలిన మడమలు నేలకు తగులుతూనే ఉన్నాయి.

"బాగుండాయిలేరా" అన్నాడు. తర్వాత ఇంకో అడుగు వేసి, నా వైపు తిరక్కుండా అన్నాడు: "అడ్జస్ట్ అవుతాయి."

ఆయన నోట ఆ మాట నేను విన్నది అదొక్కసారే. తోలు అరిగి తెగేదాకా ఆ చెప్పులే తొడిగాడు, మడమలు బయటికి పెట్టుకునే.

ఇప్పుడు బస్సుల్లో సీట్లకు నంబర్లున్నాయి, జరగమని అడిగేవాళ్లు లేరు. అయినా ఎవరన్నా పక్కన నిలబడితే నా నడుము దానంతటదే కిటికీ వైపు జరుగుతుంది. నంద్యాల పోయినప్పుడల్లా ఆ గుడికి పోతాను. పేరున్న గుడేమీ కాదు. స్వామి ఇప్పటికీ ఒక పక్కకే కూర్చుని ఉన్నాడు. మామ బిగించిన రాతిముక్కకు కూడా జనం పసుపూ కుంకుమా పెట్టి పెట్టి, అదీ దేవుడిలో భాగమే అయిపోయింది. మొన్న ఎవరూ లేనప్పుడు దాని మీద చెయ్యి పెట్టి చూసుకున్నాను. మూడు వేళ్లు, సరిగ్గా సరిపోయాయి. ఈ జన్మకు నేనిచ్చిన సరైన కొలత అదొక్కటే అనుకుని నవ్వొచ్చింది. నాయనకు చెప్పాలనిపించింది.