కామెర్లు కాని కామెర్లు

ఆ మధ్యాహ్నం పిల్లలకు అన్నం వడ్డిస్తూ మా బడి వంటమనిషి ముత్తమ్మ నా ముఖం చూసి ఆగిపోయింది.

"మేడం, మీ కండ్లు పచ్చగైనయ్," అంది.

అప్పటికే రెండు వారాలుగా నీరసంగా ఉండేది. అన్నం వాసన పడేది కాదు. పాఠాలు చెప్పడానికి భద్రాచలం నుంచి అడవిలోని ఆ బడికి రోజూ బస్సులో పోయి రావడం వల్ల వచ్చిన అలసట అనుకున్నాను. నాకప్పుడు ముప్పై నాలుగేళ్లు.

ముత్తమ్మ తండ్రి సోమయ్య తాత కామెర్లకు పసరు ఇస్తాడు. మూడు రోజులు పరగడుపున తాగాను. వారం తర్వాత ఆయన నా కనురెప్ప కిందికి లాగి చూశాడు.

"ఇవి నాకు ఎరుకైన కామెర్లు గావు బిడ్డా. అవే అయితే ఈపాటికి దిగేటియి. జల్దీ పెద్ద దవాఖానాకు పో."

ఖమ్మంలో పరీక్షలు చేశారు. హెపటైటిస్ ఎ, బి, సి, ఇ అన్నీ నెగటివ్. పసరు తాగానని చెప్పగానే డాక్టర్ "అదే కారణం" అని తేల్చి విశ్రాంతి తీసుకొమ్మన్నారు. నెలకు రక్తంలో కామెర్ల కొలత, బిలిరుబిన్ తగ్గింది. మరుసటి నెల అంతకంటే ఎక్కువ పెరిగింది. ఇంకో డాక్టర్ పిత్తాశయంలో రాళ్లేమోనని స్కానింగ్ చేయించారు. రాళ్లు లేవు.

బడికి సెలవు పెట్టి తిరుమలాయపాలెంలో మా అత్తగారింట్లో పడుకుని ఉండేదాన్ని. ప్రార్థన చేయడానికి చర్చి నుంచి వచ్చినవాళ్లు బయటికి వెళ్తూ, "లివర్ మొత్తం పోయిందంట" అనుకోవడం నాకు వినపడేది.

దారి చూపింది ఖమ్మంలో రక్తం తీసే ల్యాబ్ టెక్నీషియన్. నా పాత రిపోర్టులు వరసగా పెట్టి చూశాడు.

"రక్తంల గ్లోబ్యులిన్ అనే ప్రోటీన్ ప్రతిసారి ఎక్కువే ఉంది మేడం. నేను డాక్టర్‌ను గాను. కానీ హైదరాబాదుల హెపటాలజిస్టుకు చూపెట్టుండ్రి."

లివర్‌కు ప్రత్యేకంగా డాక్టర్లుంటారని నాకూ, మా ఆయన ప్రభుదాసుకూ అప్పుడే తెలిసింది.

హైదరాబాదు డాక్టరమ్మ అన్నీ ఓపికగా విన్నారు. "ఇది ఆటోఇమ్యూన్ హెపటైటిస్ అనిపిస్తోంది. రోగాలతో పోరాడాల్సిన శక్తే మీ లివర్ మీద పడింది. కానీ కొన్ని ఆకులు కూడా ఇలాగే చేస్తాయి. ఏం తాగారో తెలియాలి," అన్నారు.

ముత్తమ్మకు ఫోన్ చేశాను. ఆమె ఫోన్ తండ్రికిచ్చింది. ఆకు పేరు బయటపెడితే మందు పనిచేయదని వాళ్ల నమ్మకం. అయినా సోమయ్య తాతను ఆ పేర్లే అడిగాను.

"నా మందు పోతే పోనీ. రాసుకో బిడ్డా," అన్నాడు.

మూడు పేర్లు చెప్పాడు. రాసుకుని డాక్టరమ్మకు చూపించాను.

యాంటీబాడీ పరీక్షలు, లివర్ బయాప్సీ అయ్యాక డాక్టరమ్మ మొదటి మాటే ఖాయం చేశారు. పసరు తాగకముందే జబ్బు మొదలైందన్నారు. ఆ సంగతి సోమయ్య తాతకు వెంటనే చెప్పించాను.

"నయమైతదా మేడం?" అని ప్రభుదాసు అడిగాడు.

"అదుపులో ఉంటుంది. మందులు మాత్రం ఏళ్ల తరబడి వాడాలి."

ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ గోలీలు మొదలుపెట్టాక నెలలో కళ్లు తెల్లబడ్డాయి. ఆ మందుకు ముఖం మాత్రం గుండ్రంగా ఉబ్బింది. ఆరు నెలలకు మా చెల్లి పెళ్లి వచ్చింది. ఆ ముఖంతో ఫోటోల్లో నిలబడలేక, ఎవరికీ చెప్పకుండా గోలీలు ఆపేశాను. పెళ్లయిన మూడో వారం మళ్లీ ఆసుపత్రిలో చేరాను.

"ఆపమని ఎవరు చెప్పారు?" అన్నారు డాక్టరమ్మ.

"ఎవరూ చెప్పలేదు."

ఆమె తిట్టలేదు. బయాప్సీ రిపోర్టు తీసి, లివర్‌లో మచ్చ కట్టడం మొదలైందని రాసిన చోటు చూపించారు. "ఇది ముదిరితే సిరోసిస్. లివర్ గట్టిపడి పనిచేయకుండా పోతుంది," అన్నారు. మళ్లీ పెద్ద డోసుతో మొదలుపెట్టి, లివర్ మీద పడే ఆ శక్తిని అణచే అజాథియోప్రిన్ గోలీలు కలిపారు.

ఇది జరిగి మూడేళ్లయింది. ప్రెడ్నిసోలోన్ చిన్న డోసుకు వచ్చింది. మూడు నెలలకోసారి రక్తపరీక్ష. బడికి పోతున్నాను. కొన్ని మధ్యాహ్నాలు కుర్చీలో కూర్చునే పాఠం చెబుతాను.

ఈ జబ్బున్నవాళ్లకు నేను చెప్పేది ఒకటే. అజాథియోప్రిన్ మా వైపు మందుల షాపుల్లో అన్నివేళలా దొరకదు. రెండు వారాలకు సరిపడా గోలీలు ఉండగానే తర్వాతి నెలవి తెప్పించుకోండి.