తలకు రేడియేషన్ తగిలిన పెళ్లికొడుకు

నిశ్చితార్థమైన కొత్తలో ఎంత తెలివైనవాడికైనా ఒక్క చెవే పనిచేస్తుంది. (పెళ్లయ్యాక అదీ పనిచేయదంటుంది మా ఆవిడ.) ఆ రోజుల్లో నేను కోడుమూరులో ఎరువుల అంగట్లో పనిచేసేవాణ్ణి. సాయంత్రం ఇల్లు చేరితే చాలు, కడపలో ఉన్న నా కాబోయే భార్యతో ఫోను. ఏం మాట్లాడుకునేవాళ్లమని అడక్కండి. "తింటివా?" "తింటి" అనే రెండు ముక్కలనే గంటసేపు సాగదీసేవాళ్లం. ఫోను వేడికి చెవి ఎర్రబడేది.

మా జేజికి, అంటే నాయనమ్మకు, అది గిట్టేది కాదు. ఆమె పుట్టిల్లు తుమ్మలపల్లె పక్క. యురేనియం గనులు వచ్చాక అక్కడ ముసలీముతకా అందరి నోటా రేడియేషన్ మాటే. "చెవే ఇంత కాలతాంటే, లోపల మెదడు కోడిగుడ్డు మాదిరి ఉడకదా అప్పా?" అనేది. ఒకరోజు నేను స్నానానికి పోగానే నా ఫోనును అటుకుల డబ్బాలో పెట్టి మూత బిగించింది. అంతలో అది డబ్బాలోనే మోగింది. జేజి దాన్ని తీసి, చెవికి జానెడు దూరంలో పట్టుకుని, "వానికి తలకాయకి రేడియేషన్ తగులుతాంది పాపా, ఇంగ మాట్లాడలేడు!" అని అరిచి, ఏదో మీట నొక్కి దాని నోరు మూయించింది. నేను అడిగితే, "ఈ పొద్దుకు మెదడు ఆరనీ" అని మళ్లీ డబ్బాలో దాచింది. ఫోనులో ఏమందో మాత్రం చెప్పలేదు.

మా వైపు తలకు రేడియేషన్ అంటే పెద్దాసుపత్రిలో క్యాన్సరుకు పెట్టించేదే.

మరునాడు నేను ఉగ్గాని తింటుండగా పెళ్లికూతురు, కాబోయే మామ, వాళ్ల చర్చి పాస్టరయ్య ఆటో దిగారు. పాస్టరయ్య వస్తూనే నా తలమీద చేయిపెట్టి కళ్లు మూసుకున్నాడు. పెళ్లికి ముందు ఆశీర్వాదం కాబోలనుకుని, నోట్లో మిరపకాయ బజ్జీతోనే తల వంచాను. మామ గొంతు తగ్గించి, "ఇంగ ఎన్ని దినాలంటప్పా?" అన్నాడు. పెళ్లి గురించే అనుకుని సిగ్గుపడుతూ, "నెల గూడా లేదు గద మామా" అన్నాను.

ఆమె భోరుమంది. "చూస్తివా పాపా? అందుకే ఈ పెండ్లి వద్దంటాండేది. పోదాం పా" అన్నాడు మామ. నా చేతిలో ప్లేటు జారింది. ఆమె మాత్రం కదల్లేదు.

"నెలైతే నెల నాయనా. నేను ఈయన్నే చేసుకుంటా."

అప్పుడొచ్చింది మా జేజి, అటుకుల డబ్బాతో. ఫోను తీసి చూపించి, "జబ్బు వానిది గాదప్పా, దీనిది!" అంది. అందరికంటే ముందు పాస్టరయ్యే నవ్వాడు.

జేజి ఇప్పుడు లేదు. ఫోను వల్ల మెదడుకు చేటుందో లేదో పెద్ద చదువులవాళ్లు ఇంకా తేల్చుకుంటూనే ఉన్నారు. నేను మాత్రం దాన్ని చెవికి జానెడు దూరంలోనే పట్టుకుంటాను. ఆ రోజు మా ఆవిడ అన్న మాట తలుచుకుంటే ఇప్పటికీ నా కళ్లు చెమరుస్తాయి. ఆ సంగతి ఎత్తితే ఆవిడ ఒప్పుకోదు.

"నెలే గదా, ఓర్చుకుందామని ఒప్పుకుంటి. ఇన్నేండ్లని తెలిసింటేనా!"