మోకాళ్ళ మొక్కు

చిలకలూరిపేట చుట్టుపక్కల బోరు మోటారు కాలిపోతే రైతులు గురవయ్య కొట్టుకే తెస్తారు. మాడిన తీగ పీకేసి, కొత్త రాగితీగ చుట్టి పంపిస్తాడు. పెళ్ళికి ముందు ఎక్కిన స్టూలు మీదే ఇప్పటికీ కూర్చున్నాడు. కొట్టు మేడెక్కితే పత్తి, మిరప చేల అవతల కోటప్పకొండ కనిపిస్తుంది. అంతకు మించి కొండలూ అడవులూ ఆయన ఎరగడు. అలాంటి మనిషికి యాభై దాటాక నల్లమలలో సైకిలు తొక్కాలన్న పిచ్చి పట్టింది.

అంటించినవాడు నాగూర్ వలి. ఇద్దరూ ఒకే బడిలో, ఒకే రోజున చదువు మానేసిన స్నేహితులు. వలికి విత్తనాల కొట్టుంది. ఆదివారం వస్తే దానికి తాళం వేసి, సైకిళ్ళ బృందంతో కొండవీడు ఘాట్ రోడ్డో, మరో కొండో ఎక్కుతాడు.

"ఒరేయ్, దోర్నాల దాటాక రెండు పక్కలా చెట్లేరా. ఎండ నేల మీద పడదు. మన చేలల్లో నీడ కావాలంటే మనిషి వెనక మనిషి నిలబడాలి" అన్నాడు వలి.

ఆ మాట గురవయ్య చెవిలో ఈగలా తిరిగింది. వారం తిరక్కుండా పాత గేర్ల సైకిలొకటి కొన్నాడు.

బృందానికి పెద్ద శ్రీరమ్య. నరసరావుపేటలో ఫిజియోథెరపీ చేస్తుంది; వయసులో అందరికన్నా చిన్న, మాటలో అందరికన్నా గట్టి. నల్లమల యాత్రకు ఆమె ఒకటే షరతు పెట్టింది: కోటప్పకొండ ఘాట్ రోడ్డు కింది నుంచి పై దాకా కాలు నేల మీద పెట్టకుండా ఎక్కాలి. యాత్రకు ముందు మూడు ఆదివారాలున్నాయి. ఈలోగా ఎక్కినవాళ్ళే అడవికి.

మొదటి ఆదివారం గురవయ్య తెల్లవారుతూనే బయల్దేరాడు. వలి బలవంతం మీద ఒంటికి అతుక్కుపోయే నల్ల నిక్కరు తొడిగాడు. దారిలో ఎవరూ చూడకపోతే బాగుండుననుకున్నాడు. పురుషోత్తమపట్నం మలుపులో పట్టా మీద మిరపకాయలు ఆరబోస్తూ రాఘవమ్మ చూడనే చూసింది. ఆవిడ ఆయన భార్యకు మేనత్త.

"ఎవరదీ, మా అల్లుడేనా? పంచె కట్టే మనిషివి, ఇదేం వేషం నాయనా?"

సరదాకి కొండెక్కుతున్నానని చెప్పొచ్చు. కానీ అత్తవారి వైపు మనిషి ముందు, ఆ నిక్కరులో నిలబడి సరదా అనే మాట అనడానికి నోరు రాలేదు.

"మొక్కు అత్తా" అన్నాడు.

"ఏం మొక్కు?"

అబద్ధానికి ఆధారం వెతుక్కుంటూ తల దించితే బట్ట లేకుండా కనిపించినవి మోకాళ్ళే. "ఈ నొప్పులు తగ్గితే సైకిలు మీద వస్తానని కోటయ్య సామికి మొక్కుకున్నా."

"తగ్గాయా మరి?"

"తగ్గబట్టేగా తొక్కుతున్నా."

రాఘవమ్మ కారం చేతులు చీరకు తుడుచుకుని కొండ వైపు దణ్ణం పెట్టింది. తర్వాత ఆయన మోకాళ్ళకేసి కూడా పెట్టింది. గురవయ్య సిగ్గుతో సైకిలెక్కి పారిపోయాడు. కొండ మీద రెండో మలుపులోనే ఊపిరందక కాలు పెట్టేశాడు.

రెండో ఆదివారం రాఘవమ్మ రోడ్డు పక్కన ముక్కాలిపీట వేసుకు కూర్చుంది. చేతిలో పసుపు రాసిన కొబ్బరికాయ, దానికి చుట్టిన పసుపు దారం. వెనక మరో నలుగురు ఆడవాళ్ళు, తలా ఒక కాయ.

"గుంటూరు డాక్టరు నా రెండు మోకాళ్ళూ మార్చాలన్నాడు. కత్తంటే నాకు భయం అల్లుడూ. నీకు తగ్గించిన సామి నాకు తగ్గించడా? ఈ కాయ కొట్టి రా."

"ఈ సైకిలుకి వెనక క్యారేజీ ఉండదత్తా."

"అదేం సైకిలయ్యా" అని ఆవిడే ఒక గుడ్డసంచి తెచ్చి హ్యాండిలుకి తగిలించింది.

"ఆటోలో పంపిస్తాలే, కాయలు పగలకుండా పోతాయి."

"ఆటోలో పోయేదానికి నువ్వెందుకు? సైకిలు మీద పోతేనే గదా నీకు తగ్గింది."

నిజం చెబుదామనుకున్నాడు. చెబితే దేవుడి పేరు మీద అబద్ధమాడినట్టు తేలుతుంది. అదైనా పడొచ్చు గానీ, ఆవిడ ఆ కాయను చంటిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుంది. దాన్ని అందుకోకుండా ఆ చేతుల్లోనే ఎలా వదిలెయ్యడం? ఆ రోజు నాలుగో మలుపులో ఆగి, అక్కణ్ణుంచి సైకిలు నడిపించుకుంటూ పోయి కాయలు కొట్టించాడు.

మూడోదే ఆఖరి ఆదివారం. సంచి నిండింది. కొండ కింద శ్రీరమ్య చూసి, "ఏంటండీ ఇవి?" అంది. వలి కథంతా విప్పాడు.

ఆమె నవ్వలేదు. "నా దగ్గరికి రావాల్సిన మోకాళ్ళన్నీ మీ సంచిలో ఉన్నాయన్నమాట. దింపేసి ఎక్కండి గురవయ్య గారూ."

"నా చేతుల్లో లేదమ్మా."

"నీ హ్యాండిలు మీద ఉందిరా" అన్నాడు వలి.

ఎక్కాడు. సైకిలు సంచి వైపు ఒరుగుతుంటే ఆయన రెండో వైపు ఒరిగాడు. రెండో మలుపు దాటింది, నాలుగోదీ దాటింది. అటవీశాఖ వాళ్ళ జింకల పార్కు దగ్గరికొచ్చేసరికి పైన ఆఖరి మలుపులో శ్రీరమ్య ఎర్ర టోపీ కనిపించింది. అప్పుడు సంచి అడుగు చిరిగింది.

వెనక టకటకమని కాయలు దొర్లుతున్న చప్పుడు. గురవయ్య వినపడనట్టు నాలుగు తొక్కులు తొక్కాడు కూడా. తర్వాత తల తిప్పాడు. పసుపు దారం కట్టిన కాయ అన్నిటికన్నా ముందు, దారం విప్పుకుంటూ పల్లానికి పోతోంది. కాలు దానంతటదే నేల మీదికి దిగింది.

మిగతావి పక్క కాలవలో దొరికాయి. రాఘవమ్మ కాయ మాత్రం కంచె కింద నుంచి దూరి జింకల దగ్గరికి పోయింది. ఒక జింక వచ్చి తీరిగ్గా పసుపు నాకసాగింది. గేటుకి తాళం. గురవయ్య కంచె ఇవతల గొంతుక్కూర్చుని, "అమ్మా, అది మా అత్త మోకాళ్ళదే, ఇటు తొయ్యి తల్లీ" అని బతిమాలాడు. జింక ఒకసారి చూసి, కాయను ఇంకాస్త లోపలికి తోసింది.

శ్రీరమ్య దిగి వచ్చింది. "కాలు పెట్టారుగా."

"పెట్టానమ్మా."

"అడవిలో మధ్యలో ఆగిపోతే చీకటి పడేలోగా మిమ్మల్ని బయటికి తేలేను. మీకోసం షరతు మారిస్తే రేపు ఇంకొకరి కోసం మార్చాలి." గొంతు తగ్గించింది. "నాక్కూడా బాధగానే ఉందండీ."

గురవయ్య సైకిలు నడిపించుకుంటూ పైకెళ్ళాడు. గుడి దగ్గర కొట్లో ఇంకో కాయ కొని, దారం అడిగి కట్టించి, అన్నీ కొట్టించాడు.

తిరుగు దారిలో రాఘవమ్మ మలుపు దాకా ఎదురొచ్చింది. "పోయిన వారం నుంచే తేలిగ్గా ఉంది. ఆపరేషన్ ఇప్పుడొద్దని మావాడికి చెప్పేశా" అంది.

గురవయ్య సైకిలు దిగాడు. ఇక దాచకూడదనుకున్నాడు. సైకిలుకి స్టాండు కూడా లేదు, దాన్నే పట్టుకు నిలబడి, "అత్తా, తప్పయిపోయింది. అసలు నాకు మోకాళ్ళ నొప్పులే లేవు" అన్నాడు.

రాఘవమ్మ కళ్ళు చెమర్చాయి. "చూశావా ఎంత మహిమో. ఉండేవన్న గుర్తు కూడా లేకుండా తీసేశాడు."

"కాదత్తా, ఎప్పుడూ లేవు. నేను అబద్ధం—"

ఆయన తెచ్చిన ప్రసాదంలోంచి ఆవిడ కొబ్బరి ముక్క విరిచి ఆయన నోట్లో పెట్టింది. "సామి ముందు నుంచి వచ్చి అట్టాంటి మాటలనకూడదు. నములు."

నమిలాడు.

తర్వాతి ఆదివారం బృందం నల్లమలలో ఉంది. వలి గురవయ్య ఫోనుకి ఫోటోలు పంపిస్తూనే ఉన్నాడు: చెట్లు, చెట్ల మధ్య రోడ్డు, రోడ్డు మీద మచ్చలు మచ్చలుగా ఎండ. గురవయ్య మలుపులో ఒక కాలు ఆనించి వాటినే చూస్తున్నాడు.

"ఏముందయ్యా అందులో?" అంది రాఘవమ్మ, కొత్త సంచి తగిలిస్తూ. ఈసారి గోనెసంచి కుట్టించింది.

"నీడ అత్తా."

"ఎండెక్కకముందే బయల్దేరు మరి."

సైకిలెక్కబోతే కుడి మోకాలు కలుక్కుమంది. మూడు వారాల కొండ, మోసిన కాయలు అన్నీ అక్కడికే చేరినట్టున్నాయి. అబ్బా అనబోయాడు. మలుపు నిండా ఆడవాళ్ళు ఆ మోకాలినే చూస్తున్నారు. పెదవి బిగబట్టి, ముఖం మామూలుగా పెట్టి, ఊరు దాటేదాకా ఎడమ కాలితోనే తొక్కాడు.