రోమ్ దేవతను బుగ్గన పెట్టుకున్న

నన్ను కూసోమని జబర్దస్తి చెయ్యకుండ్రి. చాయ్ నిలబడే తాగుత. ఎందుకు కూసుంటలేనో చెప్త, కాని గీ ముచ్చట గీ హోటల్ గడప దాటొద్దు. మొన్న నిర్మల్‌కు పోయి వచ్చిన గదా, వచ్చేటప్పుడు సచ్చి బతికిన అనుకోండ్రి. అదీ ఎవరి వల్ల? రోగాలు నయం చేసే దేవత వల్ల.

మొదటి నుంచి చెప్త. నేను మన దవాఖానల కాంపౌండర్‌నని మీకెరుకే, నాకు పాత నాణేల పిచ్చి ఉన్నదని గూడ ఎరుకే. నిజాం కాలం హాలీ సిక్కాలు పోయి నయాపైసలు వచ్చినయని ఊరంతా పాతయి వదిలించుకుంటుంటే, నేను ఉల్టా పాతయి ఏరుకుంటుంటి. గా పిచ్చి నాకు అంటించింది మన డాక్టర్ సాబే. ఆయన దగ్గర మఖ్మల్ గుడ్డ పరిచిన చిన్న డబ్బి ఉన్నది. అండ్ల అన్నీ రోమ్ నాణేలే, అన్నిటి మీద వైద్యం చేసే దేవుళ్ళే. ఎప్పుడో వేల ఏండ్ల కింద గా దేశమోళ్ళు మన దిక్కు సరుకు కొనుక్కపోయి నాణేలు ఇచ్చిపోయిండ్రంట. ఇప్పటికీ చేన్లు దున్నుతుంటే ఒకటీ అర తేలుతనే ఉంటయి.

ఇవి గాక ఆయన దగ్గర ఒక వెండి నాణెం ఉన్నది. గడ్డపాయన, చేతిల కట్టె, కట్టెకు చుట్టుకున్న పాము. ఈస్కులాపియస్ అంటరంట, వైద్యులకు పెద్దదేవుడు. డాక్టర్ సాబ్ దాన్ని డబ్బిల గూడ ఉంచడు, చిన్న సంచిల ఏసి అంగీ లోపలి జేబుల పెట్టుకుంటడు. నన్ను చూడనిస్తడు గని ముట్టనియ్యడు. గా గడ్డపు దేవునికి ఒక బిడ్డ ఉన్నదంట, పేరు సాలస్. గిన్నెతోటి పాముకు తినిపిస్తుంటదంట. "తండ్రి దొరికిండు గని బిడ్డ దొరుకుతలేదు" అని డాక్టర్ సాబ్ ఎన్నిసార్లు బాధపడ్డడో లెక్కలేదు.

మనిషి మంచోడే. ఒక్కటే గుణం చెడ్డది. నాకు ఏదన్న నాణెం దొరికితే "జర చూడనియ్యి" అని తీసుకుంటడు, "నా దగ్గరైతే భద్రంగుంటది" అని జేబుల ఏసుకుంటడు. గట్ల నాయి రెండు పోయినయి. పై అధికారి గదా, ఏమంటం? నేను నిర్మల్ నుంచి వచ్చిన్నంటే నవ్వుకుంట నవ్వుకుంటనే నా జేబులు తడుముతడు.

ఇగ మొన్న ఏమైందో చూడండ్రి. నిర్మల్‌ల పాత ఇత్తడి సామాన్లు అమ్మే ఇబ్రహీం చాచా దుకాణంల, తుక్కు తట్టల చెయ్యి పెట్టిన. రాగి బిళ్ళ ఒకటి తగిలింది. పాత రూపాయంత ఉన్నది, మెడల ఏసుకునేటందుకు ఎవరో పైన కొండి అతికించిండ్రు. అంగీకి రాసి చూస్తే ఒక ఆమె కూసున్నది. చేతిల గిన్నె. గిన్నె మీదికి తల వంచిన పాము. డాక్టర్ సాబ్ ఇన్నేండ్లు ఎతికిన బిడ్డ నా అరచేతిల ఉన్నది. ఇగ ఏమైనా సరే, గిది మాత్రం ఇయ్యొద్దని బస్సు ఎక్కంగనే ఒట్టు పెట్టుకున్న.

బస్సు నిర్మల్ దాటింది. కిటికీ పక్కకు కూసోని బిళ్ళను అటు తిప్పి ఇటు తిప్పి చూసుకుంటున్న. ఒక ఊరి కాడ బస్సు ఆగింది. తలకాయెత్తి చూస్తే, బ్యాగు పట్టుకొని డాక్టర్ సాబ్ ఎక్కుతుండు. ఎవరినో రోగిని చూసి వస్తుండు. బస్సుల ఖాళీ ఉన్నది ఒక్క నా పక్కకే.

జేబుల పెడితే తడుముతడు. సంచిల పెడితే "ఏం తెచ్చినవ్" అని ఇప్పుతడు. మా అవ్వ అంగడికి పోతే పైసలు బుగ్గన పెట్టుకునేది, గది యాదికొచ్చింది. సోంచాయించే టైం లేదు. దేవతను నోట్ల ఏసుకున్న.

మా అవ్వ పెట్టుకున్నయి అణాలు. గిది లావు బిళ్ళ, పైకెల్లి కొండి. గా కొండి పోయి చిగురుకు గుచ్చుకున్నది. బుగ్గ పైకి ఉబ్బింది. రాగి చిలుము రుచికి నోరంతా నీళ్ళూరుతున్నయి, మింగుదామంటే బిళ్ళ గూడ గొంతుల పడ్తదని భయం. డాక్టర్ సాబ్ కూసుంట కూసుంట "ఏమయ్యా, నిర్మల్‌కెల్లేనా?" అన్నడు. నేను తలకాయ ఊపిన. జేబు తడిమిండు. ఏం లేదు. అప్పుడు నా మొకం దిక్కు చూసిండు.

"గా చెంప ఏంది? పన్ను నొప్పా? ఏదీ, నోరు తెరువు."

తల అడ్డంగ ఊపిన. "తెరువయ్యా" అన్నడు. మల్ల ఊపిన. "తెరుస్తలేవా, తెరువ వస్తలేదా?" అన్నడు. నేనేమనుకున్ననంటే, వస్తలేదంటే వదిలిపెడ్తడు గదా అని. వస్తలేదని చెయ్యితోటి సైగ చేసిన.

డాక్టర్ సాబ్ మొకం తెల్లగ పాలిపోయింది. ఆయన చూపు నా మొకం మీదికెల్లి మెల్లగ కాళ్ళ మీదికి దిగింది. అగో, గా కట్టు మీద ఆగింది. మందుల పెట్టె పగలగొడుతుంటే మేకు దిగిందని మీకు చెప్పిన గదా, గా కట్టు. "మేకు గుచ్చుకున్ననాడే సూది తీస్కోమన్న. తీస్కున్నవా?" అని అడిగిండు. నేను తీస్కోలే. ఊరందరికీ సూదులు పొడిచేటోన్ని, నాకు సూదంటే భయం. గా సంగతి దాచుదామంటే నా కండ్లే చెప్పేసినయి.

"ధనుర్వాతం" అన్నడు, మెల్లగనే. గా ఒక్క మాటకు బస్సంతా సల్లబడ్డది. దవడలు పట్టుకపోతే మనిషి దక్కుడు కష్టమని అందరికీ ఎరుకే గదా. మన దవాఖానల నేనే ఎంతమందిని చూడలే? నాకేం లేదని నాకెరుకే, అయినా గా మాట ఆయన నోటికెల్లి వినంగనే నాకు చెమటలు పోసినయి. గా చెమటలు గూడ రోగం లెక్కలనే పడ్డయి.

డాక్టర్ సాబ్ లేచి డ్రైవర్‌కు చెప్పిండు, నడుమ ఎక్కడా ఆపొద్దు, సీదా దవాఖానకే తోలుమని. దిగేటోళ్ళున్నరు, బోధన్ దిక్కు పోయే బస్సు అందుకునేటోళ్ళున్నరు, ఒక్కలంటే ఒక్కలు వద్దనలే. నాకు సిగ్గు పుట్టింది. ఇగ లాభం లేదని, దస్తీ నోటికి అడ్డం పెట్టుకొని దగ్గినట్టు చేసి బిళ్ళను అండ్లకు ఊసెయ్యాలనుకున్న. వంగి దగ్గిన్నో లేదో, "ఫిట్స్ వస్తున్నయి, పట్టుకోండ్రి" అన్నడు డాక్టర్ సాబ్. ఎనుకకెల్లి ఇద్దరు చెరొక చెయ్యి ఒడిసి పట్టిండ్రు. దస్తీ కింద పడ్డది.

ఆయన బ్యాగులకెల్లి చెంచా తీసి పండ్ల నడుమ పెట్టి తెరువ చూసిండు. నేను ఇంకా గట్టిగ బిగబట్టిన. ఆయన ఎంత బలం పెడితే నాకు అంత భయం, ఎంత భయమైతే అంత బిగువు. చెంచా వంగింది. అది చూసి ఆయన రోగం ఖాయం చేసుకున్నడు.

ముందు సీట్ల ఒక ముసలవ్వ ఉన్నది. గప్పటిదాక నన్నే చూస్తుండె. లేచి వచ్చి నా గదువ పట్టుకొని చూసి, డాక్టర్ సాబ్‌తోటి అన్నది.

"సూదులు గీదులు పని చెయ్యయి బిడ్డా. చెంప మీద వాత పెట్టాలె. డ్రైవర్ తాన పానా ఉంటది, కాల్చుండ్రి. మా మరిదికి గిట్లనే పెడితే మూతి తిరిగొచ్చింది."

డ్రైవర్ మంచోడు. పానా ఉన్నదన్నడు. నేను డాక్టర్ సాబ్ చెయ్యి పట్టుకొని బతిమాలినట్టు చూసిన. "ఎవ్వలు ముట్టొద్దు" అని ఆయన అడ్డం నిలబడ్డడు. గప్పుడు గాయిన నాకు అసలు దేవుని తీరుగ కనబడ్డడు. నోట్ల ఉన్నామె మాత్రం ఏం సహాయం చెయ్యలే.

బస్సు దవాఖాన గేటు కాడ ఆగింది. నన్ను ఎత్తుకపోయి చీకటి రూముల బల్ల మీద పండబెట్టిండ్రు. ధనుర్వాతం రోగికి వెలుతురు తగలొద్దు, చప్పుడు కావద్దు, మీకు తెల్వది గని గదే పద్ధతి. కిటికీ మూసిండ్రు, అందర్ని ఎల్లగొట్టిండ్రు. మా ఇంటామెకు కబురు పోయిందని బయట అంటుంటే వినబడ్డది. ఇగ ఇదే మోక, ఊసి దిండు కింద పెడ్తనని లేవబోయిన. గంతట్ల డాక్టర్ సాబే ఇనుప తట్టల పెద్ద సూది, మందు పెట్టుకొని లోపలికి వచ్చిండు. తట్ట బల్ల మీద, నా తలకాయ పక్కకు పెట్టిండు. నా పక్కన స్టూల్ గుంజుకొని కూసున్నడు.

తరువాత అంగీ లోపలి జేబులకెల్లి గా చిన్న సంచి తీసిండు. గడ్డపాయనను తీసి నా అరచేతిల పెట్టి, నా వేళ్ళు మూసిండు.

"ముట్టనిమ్మని అడిగినప్పుడల్ల కసిరిన. నీయి రెండు నాణేలు గూడ గుంజుకున్న. అవి నీకే ఇస్త. గిది గూడ నీదే. నువ్వు జర లే, చాలు. నువ్వు లేకుంటే గీ దవాఖానల నాకెవరున్నరు?"

ఆయన కండ్లల్ల నీళ్ళు. నా కండ్లల్ల గూడ నీళ్ళు. ఇన్నేండ్లు చూసుడే తప్ప ముట్టని నాణెం నా చేతిల చల్లగ ఉన్నది. నా మనిషని ఒకడు ఏడుస్తుండు. ఇంక నేను ఆగలే. బిళ్ళ మర్చిపోయిన, బస్సు మర్చిపోయిన.

"నిజంగనా సార్?" అన్న.

దేవత పోయి తట్టల పడ్డది. ఇనుప తట్ట గదా, టంగుమన్నది. చప్పుడు కావద్దన్న రూముల గంత చప్పుడు.

డాక్టర్ సాబ్ నన్ను చూసిండు. తట్టను చూసిండు. నా చెంపను చూసిండు, అది దిగిపోయి మామూలుగున్నది. లేచి పోయి కిటికీ తెరిచిండు. చిమటాతోటి బిళ్ళను పట్టి ఎత్తి, స్పిరిట్‌ల కడిగి, వెలుతురుకు పెట్టి చాన సేపు చూసిండు. నేను బల్ల మీద గట్లనే పండుకొని ఉన్న. తిడ్తడనుకున్న, నౌకరి పీకేస్తడనుకున్న. ఆయన మెల్లగ వచ్చి, నా వేళ్ళు ఒక్కొక్కటి విప్పి, గడ్డపాయనను తీసుకున్నడు. తండ్రీబిడ్డలను ఇద్దర్నీ ఒకే సంచిల ఏసి, జేబుల పెట్టుకొని, జేబు మీద చెయ్యితోటి తట్టుకున్నడు.

"దవడ బాగైంది. మేకు మాత్రం నిజంగనే గుచ్చుకున్నది గదా. బోర్ల తిరుగు" అన్నడు.

గందుకే కూసుంటలేను. ఆయన కోపమంతా గా సూదిల పోసి పొడిచిండని నా అనుమానం. మా ఇంటామె ఏడ్చుకుంట ఉరికొచ్చి, సంగతి తెల్సినంక ఇంకో తీరుగ ఏడిపించింది, గది వేరే ముచ్చట. మునుపటియి రెండు, దేవతతోటి కలిపి మూడు నాణేలు పోయినయి. అయినా నిజం చెప్పాలంటే, నా కోసం డాక్టర్ సాబ్ కండ్లల్ల తిరిగిన నీళ్ళు మాత్రం నా దగ్గరనే ఉన్నయి, గవి ఆయన ఎట్ల తీసుకుంటడు?

ఇయ్యాల పొద్దుగాల డ్యూటీకి పోతే, నమస్తే సార్ అందామని చేతులు జోడించిన. ఆయన జేబులు తడుముడు బంద్ చేసిండు. టార్చిలైట్ ఏసి నా మొకం మీదికి పట్టి, "ముందుగాల నోరు తెరిచి 'ఆ' అను" అన్నడు.