గ్యాసు సారు ముక్కు

ఎవరైనా గట్టిగా తుమ్మితే నాకు గ్యాసు సారే గుర్తొస్తాడు. మా డుంబ్రిగుడలో ఇంటింటికీ తిరిగి గ్యాసు పొయ్యిలు తనిఖీ చేయడానికి ఏటా కొండ కింది మైదాన ప్రాంతం నుంచి వచ్చేవాడు. ట్యూబు దగ్గర వంగే ముందు జేబులోంచి డబ్బీ తీసి, ముక్కుపొడుం దట్టంగా ఎక్కించేవాడు. "ముక్కు చురుగ్గా ఉంటేనే కదమ్మా ఈ ఉద్యోగం!" అనేవాడు. సబ్బునీళ్లు రాసి బుడగలొస్తాయేమో చూడమని ఊరందరికీ చెప్పేది ఆయనే. తనకు మాత్రం ఆ అవసరం ఎన్నడూ పడలేదు.

ఒకసారి మా అత్త ఆయన్ని గుమ్మంలోనే పట్టుకుంది.

"సారూ, పొద్దున్నుంచీ గేసు వాసన గుప్పుమంతంది. ఆ ట్యూబేటో బేగి సూడండి."

ఆయన పొడుం పీల్చాడు, వంగాడు, తుమ్మాడు, లేచాడు.

"నా ముక్కుకి తగల్లేదంటే లీకు లేనట్టే. నిశ్చింతగా వండుకోండి. ఈ పూట నా భోజనం కూడా ఇక్కడే."

ఆయన అటు వెళ్లగానే అత్త రెగ్యులేటరు కట్టేసి, తలుపులూ కిటికీలూ బార్లా తెరిచి, పెరటి చివర మూడు రాళ్లు పేర్చి కట్టెల మీద కోడికూర వండింది.

మధ్యాహ్నం గ్యాసు సారు ఆ పొగ వాసన కూరను వేళ్లు నాక్కుంటూ తిన్నాడు.

"చూశారా? గ్యాసు మీద వండిన కూర రుచే వేరు!"

అత్త ఆయన చేతులకు నీళ్లు పోస్తూ, "అలాగేటి సారూ? అయితే ఆ ట్యూబు మార్పించండి, మేమూ తింతాం," అంది.

తడి చెయ్యి తుడుచుకోకుండానే ఆయన జేబులో డబ్బీ కోసం వెతుక్కున్నాడు.