అంకెల్లో తప్పిపోయిన గొంతు

గాలి ముదురుతోందని ఆ రోజు శ్రీకాకుళంలో కాలేజీలు మూసేశారు. నేను ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెబుతాను. మా అన్న భావనపాడులో మోటారు బోటు మీద వేటకెళ్తాడు. మొదటి బస్సుకి అక్కడి మా పుట్టింటికి చేరేసరికి బోట్లన్నీ ఒడ్డుకొచ్చేస్తున్నాయి. అన్నదొక్కటే రాలేదు. ఫోను కలవడం లేదు.

పిల్లలకు పాఠంలో చూపించే చిన్న రేడియో రిసీవరు నా బ్యాగులో ఉంది. వేలెడంత ఉంటుంది. లాప్‌టాప్‌కి తగిలిస్తే బోట్ల వైర్‌లెస్ మాటలు వినొచ్చు. కింది బోట్లకి అందని మాటలు ఎత్తులో అందొచ్చని దాన్ని పట్టుకుని తుపాను షెల్టరు మేడెక్కి, పిట్టగోడ కడ్డీకి యాంటెన్నా కట్టాను. వదిన నా పక్కన గొంతుక్కూర్చుంది.

ఒడ్డు దగ్గరున్న బోట్లవాళ్లు వైర్‌లెస్‌లో ఒకరినొకరు పిలుచుకుంటున్నారు. వాళ్ల గొంతులు పగిలినట్టు వినిపిస్తున్నాయి. అన్న వాడే చానెల్లో మాత్రం బరబరమనే మోత తప్ప ఏమీ లేదు.

"పెంచమ్మా," అంది వదిన. "దూరంగా ఉన్నాడు కదేటి."

పెంచాను. యాంటెన్నాకి అందిన తరంగాన్ని రిసీవరు ఎంత పెద్దది చేయాలో చెప్పే మీట ఒకటి తెర మీద ఉంటుంది. దాన్ని చివరిదాకా జరిపేశాను. బరబర ఇంకా ఎక్కువైంది. ఆ మోతలోనే అన్న కోసం వెతుకుతూ ముప్పావుగంట కూర్చున్నాను. వదిన ఏడవడం లేదు. అది చూస్తే నాకింకా భయంగా ఉంది.

అప్పుడు తట్టింది. రిసీవరు అన్ని చానెళ్ల తరంగాల్నీ కలిపి క్షణక్షణమూ కొలిచి అంకెలుగా మారుస్తుంది. నా దగ్గరున్న దాని కొలతకి రెండు వందల యాభై ఆరు మెట్లే ఉన్నాయి. నేను మీట పెంచడంతో దగ్గరి బోట్ల గొంతులు పై మెట్టు దాటిపోయి అక్కడే తెగిపోతున్నాయి. వాటితోపాటు దూరపు సన్న గొంతు కూడా తెగిపోతోంది. ఏటా క్లాసులో బోర్డు మీద గీసి మరీ చెప్పే పాఠమే ఇది.

మీట మీద వేలు పెట్టాను గానీ చెయ్యి కదల్లేదు. మరీ తగ్గిస్తే ఆ సన్న గొంతు అడుగు మెట్టుకి కూడా అందకపోవచ్చు. వదిన నా మణికట్టు పట్టుకుంది. "ఏటి సేస్తన్నావు? తగ్గించకమ్మా."

తగ్గించాను. మోత ఒక్కసారిగా పడిపోయింది. ఇంకొంచెం తగ్గించాను. తెర మీద దారప్పోగంత గీత ఒకటి మెరిసి ఆగి మళ్లీ మెరిసింది.

"ఎవులైనా ఇంటన్నారా? ఇంజిను ఆగిపోనాది. నీరు ఎక్కుతన్నాది."

అది అన్న గొంతే. తర్వాత తానెక్కడున్నాడో చెప్పే జీపీఎస్ అంకెలు చదివాడు. అరచేతిలో రాసుకున్నాను. రెండోసారి చదివినప్పుడు సరిచూసుకుని, కిందికి పరుగెత్తి బోట్లవాళ్లకి చూపించాను.

రెండు బోట్లు తాళ్లు తీసుకుని వెళ్లాయి. మధ్యాహ్నానికి అన్ననీ, అతనితో ఉన్న ఇద్దరినీ తీసుకొచ్చాయి. బోటు లోపల నీళ్ల తడి ఇంజిను పైదాకా ఉంది.

అన్న పెదవులు ఉప్పుకి పగిలిపోయాయి. "పొద్దున్నుంచీ పిలుస్తన్నాను సెల్లీ," అన్నాడు. "ఒక్కుళ్లకీ ఇనబడనేదేటి?"

గాలి వల్ల అన్నాను. అనేశాక ఇసకలో కూలబడ్డాను. నేను భయపడ్డాననుకుని వదిన మంచినీళ్లు తెచ్చింది.

మీట పెంచి నేనే అన్న గొంతును తెంపేసిన ఆ ముప్పావుగంట గురించి అన్నకీ వదినకీ ఇంతవరకూ చెప్పలేదు.