నాలుగో వారం దువ్వెనలు

ఉదయగిరిలో కొయ్య గరిటెలు చెక్కే ఇశ్రాయేలుకు గడ్డం సూదిమందుతోనే మొలుస్తుంది. పడుచు వయసులో గవదబిళ్ళలు వచ్చి, వాపు వృషణాలకు దిగి, ఒంట్లో ఊరాల్సిన మగ హార్మోను ఊరడం మానేసింది. అందుకని నెలకోసారి ఆత్మకూరు పోయి ఇంజెక్షన్ వేయించుకొని బస్సెక్కి వస్తాడు. ఆ మందు రక్తంలో మూడు వారాలకు మించి నిలవదు. నిండుగా ఉన్నన్నాళ్ళు బాడిస ఎత్తి మొద్దులు చీలుస్తాడు. పలచబడేకొద్దీ చేతులు బరువెక్కుతాయి, ఒళ్ళు చాప వెతుకుతుంది. అయినా పడుకోడు. సన్నటి ఆకురాయి పట్టుకొని దువ్వెనలకు పళ్ళు తీస్తాడు. తొందరపడే ఓపిక లేని చెయ్యి గదా, ఒక్క పన్నూ విరగదు.

ఒకరోజు పక్క కొట్టు మస్తానయ్య టీ తాగుతా నలుగురి ముందర ఎగతాళికి దిగినాడు. "ఏందిరా ఇశ్రాయేలూ, నీ మగతనం ఎన్నాళ్ళుంటాది?"

ఇశ్రాయేలు ఆకురాయి ఆపలేదు. "మూడు వారాలురా. నాలుగో వారం దువ్వెనలు చేస్తా."

అందరూ నవ్వినారు. ఆ నవ్వు సద్దుమణిగిందాకా ఆగి, దువ్వెన మీది పొట్టు ఊది, నెమ్మదిగా అన్నాడు: "మీ ఆడమనిషి చిక్కు తీసుకునేది దాంతోనే. నువ్వు కొనుక్కపోయిందే గదరా. ఎప్పుడన్నా గుచ్చుకుందేమో అడిగి రాపో."